ముడి లాగ్‌ల నుంచి నమ్మదగిన లాగ్‌ల దాకా: నా అనుభవం

పరిశోధన మొదటి ఏడాదిలో మా గైడ్ గారు బంగాళాఖాతం అడుగున తవ్విన ఒక బోరు తాలూకు ముడి లాగ్‌లను, అంటే బోరులోకి పరికరాలు దింపి లోతు వెంట నమోదు చేసిన కొలతలను, నాకు అప్పగించి, "ఏ లోతులో ఏ విలువను నమ్మవచ్చో తేల్చి చెప్పమ్మా" అన్నారు. సముద్రపు నేలను తవ్వే పరిశోధన నౌక జాయిడీస్ రిజల్యూషన్ 1985 నుంచి 2024 వరకు చేసిన యాత్రల లాగ్‌లను కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్-డోహర్టీ పరిశోధన కేంద్రం ప్రాసెస్ చేసి అందరికీ అందుబాటులో ఉంచింది. ఆ ప్రాసెసింగ్ అంతా నా చేతులతో మళ్ళీ చేసి నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం.

మొదటి పని లోతులను సరిచేయడం. పరికరాల వరుస కేబుల్‌కు వేలాడుతూ బోరులోకి దిగుతుంది. లోతును నౌక మీది డ్రిల్ ఫ్లోర్ నుంచి కేబుల్ పొడవుతో లెక్కిస్తారు. మనకు కావలసిందేమో సముద్రపు నేల నుంచి లోతు. మట్టి నుంచి సహజంగా వెలువడే గామా కిరణాల లాగ్ నీటిలో దాదాపు సున్నా దగ్గర ఉండి, అవక్షేపం (అడుగున పేరుకున్న మట్టి) మొదలయ్యే చోట ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి ఆ మెట్టును సున్నా లోతుగా తీసుకుంటాం. మెత్తటి పైపొరలు కూలకుండా డ్రిల్ గొట్టాన్ని నేల కింద దాదాపు 80 మీటర్ల వరకు బోరులోనే ఉంచుతారు. ఆ ఉక్కు గామా కిరణాలను చాలావరకు అడ్డగిస్తుంది కనుక అక్కడి హెచ్చుతగ్గుల క్రమాన్ని చూడవచ్చు గాని, అంకెలను కింది అంకెలతో పోల్చకూడదు. ఈ సంగతి తెలియక నేను గొట్టం అంచు దగ్గర కనిపించిన పెరుగుదలను, గామా ఎక్కువగా ఇచ్చే బంకమట్టి పొరగా రాసుకుని, మర్నాడు కొట్టివేశాను.

తర్వాతి పని అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకుంది. సాంద్రత, విద్యుత్ నిరోధకత కొలిచే వరుస ఒకసారి, ధ్వని వేగాన్ని కొలిచే సోనిక్ పరికరం, గోడ చిత్రాలు తీసే పరికరం ఉన్న వరుస మరొకసారి దిగుతాయి. కేబుల్ సాగడం వల్లా, అలలకు నౌక లేచి పడడం వల్లా ఒకే పొర రెండు పరుగులలో రెండు లోతులలో నమోదవుతుంది. అలల ప్రభావాన్ని తగ్గించే పరికరం నౌక మీద ఉన్నా, అది దాన్ని పూర్తిగా తుడిచివేయలేదు. అందుకే ప్రతి వరుసలోనూ ఒక గామా పరికరాన్ని పెడతారు. ఒక పరుగు గామాను ప్రమాణంగా తీసుకుని, రెండో దాన్ని దాని మీదికి జరిపి, అదే వరుసలోని మిగతా లాగ్‌లన్నిటినీ అంతే జరపాలి. నేను ఈ పనిని మొదట కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు వదిలేశాను. ఈ బోరులో బంకమట్టి, సున్నపు అవక్షేపం ఒకదాని తర్వాత ఒకటి క్రమంగా వస్తున్నందున గామా గీత కూడా ఒకే తీరు ఎత్తుపల్లాలతో సాగింది. ఒకచోట ప్రోగ్రామ్ ఒక శిఖరాన్ని దాని పక్క శిఖరానికి జత చేసింది. జత బాగా కుదిరినట్టు చూపే గుణకం కూడా ఎక్కువగానే వచ్చింది. ఒక పరుగు నిరోధకత గీతను, మరో పరుగు సోనిక్ గీతను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తప్పు బయటపడింది. ఆ తర్వాత ప్రతి జతనూ కంటితో చూసి, ఎక్కడ ఎంత జరిపానో పట్టికలో రాసుకున్నాను.

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం సాంద్రత లాగ్. ఒకచోట సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.7 గ్రాముల నుంచి 1.2కు పడిపోయింది. అది వాయువు ఉన్న పొర కావచ్చని ఉత్సాహంగా రెండు పేజీల వివరణ రాసి గైడ్ గారికి చూపించాను. ఆయన అడిగినది ఒక్కటే: "కాలిపర్ ఏమంటోంది?" బోరు వెడల్పును ఒక చెయ్యి చాచి కొలిచే ఆ లాగ్‌ను నేను అసలు తెరవలేదు. సుమారు 11.4 అంగుళాల బిట్‌తో తవ్విన బోరులో, ఆ చోట కాలిపర్ గీత పరికరపు చెయ్యి చాచగల హద్దు దగ్గర నిలువుగా, కదలకుండా ఉంది. అంటే చెయ్యి గోడను అందుకోలేదు. సాంద్రత పరికరం గోడకు ఆనుకుని ఉంటేనే సరిగా కొలుస్తుంది, మధ్యలో నీరు చేరితే అది కొలిచేది చాలావరకు నీటినే. ఆ రెండు పేజీలు పోయినందుకు బాధ కలిగినా, అంతకంటే పెద్ద తప్పు తప్పిందని ఇప్పటికీ అనుకుంటాను. గోడ కూలిన చోట గామా, నిరోధకత కూడా ప్రభావితమవుతాయి, కాని వాటిని బోరు వ్యాసాన్ని బట్టి కొంతవరకు సవరించవచ్చు. గోడను అందుకోని సాంద్రతను సవరించే దారి లేదు.

బోరు గోడ చక్కగా ఉన్నా లాగ్ మనల్ని తప్పుదారి పట్టించగలదని కృష్ణా-గోదావరి బేసిన్ గురించి చదివినప్పుడు అర్థమైంది. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద ఇదే నౌక అక్కడ తవ్వినప్పుడు, పదో స్థలంలో వంద మీటర్లకు పైగా మందంలో హైడ్రేట్ (వాయువును బంధించిన మంచులాంటి పదార్థం) దొరికింది. అది దాదాపు నిలువుగా ఉన్న పగుళ్లను నింపి ఉండడం వల్ల, అన్ని దిక్కులా ఒకే తీరు మట్టి ఉందని భావించి నిరోధకత నుంచి మట్టి రంధ్రాలలో నీరు ఎంతో లెక్కగట్టే ఆర్చీ సూత్రానికి నిరోధకతను ఇస్తే, పీడనం పోకుండా తీసిన కోర్లు (మట్టి స్తంభాల నమూనాలు) చూపినదానికంటే హైడ్రేట్ చాలా ఎక్కువగా తేలింది. అక్కడ కొలతలో దోషం లేదు, ఆ సూత్రాన్ని ఆ మట్టికి వాడడంలోనే ఉంది.

చివరికి నేను అప్పగించిన ఫైలులో ప్రతి లాగ్ పక్కనా ఒక గుర్తు వరుస చేర్చాను: నమ్మదగినది, జాగ్రత్తగా వాడదగినది, వాడకూడనిది. గోడ కూలిన చోట్ల సాంద్రతకు పైకిందల విలువల మధ్య గీత గీసి పూరించడం సులువే గాని, నేను ఖాళీగానే వదిలాను. జరిపిన లోతుల పట్టికను, ఎంచుకున్న ప్రమాణ పరుగును, గొట్టం అంచు లోతును అదే ఫైలు మొదట్లో రాసి పెట్టాను.