కూర్మనాథుడి వీపు మీది కాయ

ఫాల్గుణ పున్నమికి మా అత్తను తీసుకుని శ్రీకూర్మం డోలోత్సవానికి వెళ్ళాను. పడమటి ముఖంగా ఉన్న స్వామి దర్శనం అయ్యాక, అందరిలాగే మేమూ గుడిలోని తాబేళ్ళ దగ్గర ఆగాం. అవి నక్షత్ర తాబేళ్ళు. ఒక కుర్రాడు సెల్ఫీ కోసం కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఒకదాన్ని లాగబోయాడు. అది తల, కాళ్ళు లోపలికి ముడుచుకుంది. "చూశారా, స్థితప్రజ్ఞుడు!" అని పక్కాయన నవ్వాడు.

తాబేలు అవయవాల్లా ఇంద్రియాలను లోపలికి ముడుచుకునేవాడు స్థితప్రజ్ఞుడని, గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో ఆ పోలిక ఉన్న మాట నిజమే. కానీ ఈ తాబేలుకు వచ్చింది భయం.

నాకు మాత్రం గీతగోవిందం రాసిన జయదేవుడి మాట గుర్తొచ్చింది. దశావతార స్తుతిలో కూర్మావతారం దగ్గర "ధరణిధరణకిణచక్రగరిష్ఠే" అంటాడు. కిణం అంటే కాయ. భూమిని మోసి మోసి స్వామి వీపు కాయలు కాచిందట! దేవుణ్ణి పొగడటానికి వేరే మాటలే లేనట్టు, ఆ కవి చూపు బరువు ఒరుసుకున్న చోటికే పోయింది. మా తాత కూడా అంతే. సాయంత్రం నాగలి విప్పగానే ముందు ఎద్దు మెడ తడిమి, కాడి రాసుకున్న చోట ఆముదం పట్టించేవాడు. ఆ తర్వాతే తన కాళ్ళు కడుక్కునేవాడు. ఆయనకు సంస్కృతం ముక్క రాదు.

ఆటోలో ఇదంతా అత్తకు చెబుతూ కళింగపట్నం సముద్రం దగ్గరికి వెళ్ళాం. ఒడ్డున ఒక తాబేలు చచ్చి పడి ఉంది. ఆలివ్ రిడ్లే. చలికాలం దాటే ఈ నెలల్లోనే అవి గుడ్లు పెట్టడానికి మన తీరానికొస్తాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు. నీళ్ళలో బతికినా వాటివి మనలాగే ఊపిరితిత్తులు. వలలో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి. ట్రాల్ వలలోంచి తాబేలు బయటపడే 'టెడ్' అనే ఏర్పాటు ఉంది. అది బిగిస్తే కొంత చేప కూడా జారిపోతుందని బోటు వాళ్ళ బాధ. డీజిల్ అప్పుతో వేటకెళ్ళేవాడికి అది చిన్న బాధ కాదు. ఆ చేపలు కొనుక్కు తినేవాణ్ణి, నేను వాళ్ళనేం అనగలను? (శనివారం మానేస్తాను లెండి. దానివల్ల తాబేలుకు ఒరిగిందేమీ లేదు.)

అత్త చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. గుడి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం విప్పి, దాని మీద చల్లబోతూ ఆగింది. ముందు రెక్క మొదట్లో ఎర్రగా ఒక గీత.

"ఇదేటి, నువ్వు చెప్పిన కాయేనా?"

"కాదత్తా. వల తాడు కోసింది."

ఆమె కాసేపు అలాగే నిలబడి, పొట్లం మళ్ళీ మడిచేసింది.