మా నాయనది ఫర్నిచర్ బిజినెస్

"తాత కార్పెంటర్ అని నాకెందుకు చెప్పలేదు?"

కారు వెనక సీట్లోంచి మావాడి ప్రశ్న. వాడికి పదిహేనేళ్ళు. ముందు సీట్లో కూర్చునే వయసే, కానీ శనివారాలు ముందు సీటు వాడు విల్లు చేసే కర్రది. అయిదున్నర అడుగుల కర్ర డాష్‌బోర్డు మీంచి వెనక అద్దం దాకా పడుకుంటుంది కాబట్టి మావాడు దాని పక్కన ఒదిగి కూర్చుంటాడు.

"చెప్పలేదా?" అన్నాను సిగ్నల్ వంక చూస్తూ. చెప్పలేదని నాకు తెలుసు. డాలస్‌లో పద్దెనిమిదేళ్ళుగా, ఎవరడిగినా నా నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. మా నాయనది ఫర్నిచర్ బిజినెస్.

మా నాయన ఉదయగిరి పక్కన పల్లెలో వడ్రంగి. తుమ్మకర్రతో నాగళ్ళు, బండి చక్రాలు చేశాడు. ట్రాక్టర్లొచ్చాక గుమ్మాలు, కిటికీలు చేశాడు. ఫర్నిచర్ అనదగ్గవంటే పెళ్ళిళ్ళకి చేసిన పందిరి మంచాలు, బడికి చేసిన నాలుగు బెంచీలు. అంటే నేను పూర్తిగా అబద్ధం చెప్పలేదన్నమాట. ఇలాంటి లెక్కలు వేసుకోవడంలో నేను దిట్టను.

మా వంటింట్లో ఉదయగిరి చెక్క గరిటెలు వరసగా వేలాడుతుంటాయి. 2015లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తలా ఒకటి చేతిలో పెట్టి "మా ఊరి కళ" అని చెప్పడం అలవాటైంది. వేరేవాళ్ళు చెక్కిన గరిటె కళ. మా నాయన చెక్కిన చక్రం మాత్రం బిజినెస్.

ఈ విల్లు పిచ్చి రెండేళ్ళ కిందట మొదలైంది. శనివారం తెలుగు క్లాసుకి రానన్నాడు. ఎందుకంటే, "పద్యాలు ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. నాకు జవాబు దొరక్క అరిచాను. దాని బదులు ఓ రిటైరైన పోస్ట్‌మ్యాన్ గరాజ్‌కి వెళ్తానన్నాడు. అక్కడ ఆరేడుగురు కలిసి చేత్తో విళ్ళు చేస్తారు. సరేలే, ఆర్చరీ అంటే కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందని ఒప్పుకున్నాను. 2023 ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 3 స్వర్ణాలు గెలిచిన వీడియో పంపి, "చూడు, నీ ఫీల్డే" అని రాశాను. "అది కాంపౌండ్ బో నాన్నా, దానికి చక్రాలుంటాయి" అని జవాబొచ్చింది. పోటీలకి వెళ్తావా అంటే వెళ్ళనన్నాడు. బాణం వెయ్యడం మీద వాడికి పెద్ద ఆశే లేదు, చెయ్యడం మీదే. మెడల్ రాని ఆర్చరీ కోసం వారానికి మూడు గంటలు కారులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తండ్రిని నేనొక్కణ్ణే అనుకుంటా.

వాళ్ళు వాడే కర్ర ఒసేజ్ ఆరెంజ్. ఈ టెక్సాస్, ఓక్లహోమాల చెట్టే. దీన్ని ఫ్రెంచివాళ్ళు 'బ్వా దార్క్', వింటి కర్ర, అన్నారట. ఇక్కడి నోళ్ళలో పడి అది 'బోడార్క్' అయింది. మా ఇంటిపేరుకి వీళ్ళు పట్టించిన గతికంటే అదే నయం.

మావాడు మొదటి మూడు నెలలూ చేసింది ఒకటే పని. పైనున్న తెల్ల చెక్కంతా తీసేసి, లోపలి పసుపు చేవలో ఒకే ఒక్క వలయాన్ని పట్టుకోవడం. చెట్టు ఏడాదికో వలయం పెరుగుతుంది కదా, విల్లు వీపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఏడాది పొర మీదే ఉండాలి. కత్తి ఎక్కడైనా పక్క ఏడాదిలోకి దిగిందంటే తరవాత విరిగేది అక్కడే. రెండు చేతుల పిడి ఉన్న కత్తితో ఒళ్ళోకి లాక్కుంటూ చెక్కుతాడు. ముడి దగ్గర వలయం గుట్టలా లేస్తుంది, వాడూ దాంతోపాటే మెల్లగా ఎక్కి దిగుతాడు. లెక్కల హోంవర్కులో రెండు నిమిషాలు కుదురుగా ఉండని వాడు.

తరవాత టిల్లరింగ్. లోపలివైపు కాస్త గీకి, గోడకి బిగించిన చెక్క మీద విల్లు ఆనించి, కప్పీ తాడుతో కాస్త లాగి, పిడికి పైనా కిందా ఉండే రెండు కొమ్మలూ ఒకేలా వంగుతున్నాయా అని చూడటం. మళ్ళీ గీకడం. లాగే దూరం అంగుళం అంగుళం చొప్పున పెంచుకుంటూ 28 దాకా పోవాలి. ఏ అంగుళం దగ్గరా తొందర పనికిరాదు.

సంక్రాంతికి ఇంట్లో పాతికమంది. విల్లు అప్పటికి 22 అంగుళాల దగ్గరుంది. ఫొటో కోసం నేను బయటికి తెచ్చాను. "ఇంకా అవలేదు నాన్నా" అని రెండుసార్లన్నాడు, రెండోసారి తెలుగులోనే. నేను రాముడి పోజు పెట్టి చెవి దాకా లాగాను. పటాలుమని, పై కొమ్మ చేతికందొచ్చింది. పులిహోర ప్లేటు పట్టుకున్న ఒకాయన "ఇంకేం, సీతమ్మని తీసుకురండి" అన్నాడు. అందరూ నవ్వారు. రాముడికి పెళ్ళయింది, నాకు నాలుగు రోజుల మౌనం దక్కింది.

ఆ రాత్రి, అక్కడ పొద్దున, మా నాయనకి వీడియో కాల్. మామూలుగా ఆ కాల్ ఎలా ఉంటుందంటే, "తిన్నావా అబ్బయ్యా", "తిన్నా తాతా", ఇక ఫోన్ నా చేతికి. ఆ రోజు మావాడు విరిగిన ముక్కని కెమెరా దగ్గర పెట్టాడు. మా నాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఏందిరా ఇది, పనసా?"

పసుపు రంగు చూసి అన్నాడు. కాదని నేను చెప్పేలోపే మావాడు ఫోన్‌లో వెతికాడు. రెండూ ఒకే కుటుంబం చెట్లట, మల్బరీ కుటుంబం. తాత వైపు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"ఇంకొంచెం తిప్పు. ఆ... ఈడ పొర తెగింది చూడు. ఇది ఎవరు లాగినా విరిగేదే."

ఎవరు లాగినా విరిగేదే! నేను వెంటనే ఆ ముక్కని ఇంగ్లీషులోకి మార్చి, కాస్త గట్టిగానే, రెండుసార్లు చెప్పాను. కొడుకు నెలల తరబడి చేసిన పని నాశనమైన రాత్రి నాకు కావలసింది క్లీన్ చిట్. మావాడు నన్ను చూడలేదు. వేలితో ఆ తెగిన చోటు తడిమాడు. వెంట్రుక మందం మెట్టు. గరాజ్‌లో ఎవరికీ కనబడలేదది.

"తాతకి ఎలా తెలుసు?"

ఆ ప్రశ్న మా నాయనకి తెలుగులో చెప్పక తప్పలేదు. ఆయన నవ్వి, అటక మీద నుంచి కర్ర చెక్కే బాడిస దింపించి చూపించాడు. "యాభై ఏళ్ళు పట్టుకున్యా దీన్ని. మీ నాయన్ని మాత్రం ముట్టనీలా."

నిజమే, ముట్టనివ్వలేదు. ఏడో తరగతిలో ఒకసారి బాడిస పట్టుకుంటే చెయ్యి మీద కొట్టాడు. ఇది పట్టుకుంటే ఇక్కడే ఉంటావు, పుస్తకం పట్టుకో అన్నాడు. నేను పుస్తకం పట్టుకున్నాను, ఇంత దూరం వచ్చాను. మావాడు మొదటిసారి వేలు కోసుకున్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట కూడా దాదాపు అదే. కొట్టలేదంతే. ఇక్కడ కొట్టకూడదు కాబట్టి.

మొన్న దసరాకి ఇంకోటి చేశాను. మా నాయన పూజలో బాడిస, ఉలి, చిత్రిక, రంపం పెట్టేవాడు. నేను ల్యాప్‌టాప్, కారు తాళాలు పెడతాను. మావాడు వాటి పక్కన తన కత్తి తెచ్చి పెట్టాడు. బొట్టు కూడా పెట్టాను. ఫొటో తీసేటప్పుడు మాత్రం, తుప్పు కనబడుతోందని పక్కకి జరిపాను. తుప్పేం లేదు.

గరాజ్ పెద్దాయన నాకు ఇషి సంగతి చెప్పాడు. యాహి తెగలో చివరివాడు. 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ దగ్గర ఒంటరిగా బయటికొచ్చాడు. ఆయనకి వైద్యం చేసిన శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గర విల్లు చెయ్యడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో పోయాడు. ఇషి అంటే వాళ్ళ భాషలో మనిషి అని అర్థం, అంతే. సొంత పేరు పైకి చెప్పుకోకపోవడం వాళ్ళ ఆచారం, అందుకని అసలు పేరు ఎవరికీ తెలియకుండానే పోయింది. మా నాయన పని పేరు నేను చెప్పకపోవడానికి ఏ ఆచారమూ అడ్డురాలేదు.

తోటి తల్లిదండ్రులకి సలహా ఇద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. పిల్లలకి ఇష్టమైన పనిలోంచి భాష నేర్పండి అని. మావాడికి ఇప్పుడు బాడిస, చేవ, ఆకురాయి, వాటం అనే మాటలు వచ్చు. కానీ నెల్లూరులో ఉన్న మా అన్న పిల్లలకి ఈ మాటల్లో ఒక్కటీ రాదు. మరి నేను నేర్పింది ఏ ఊరి తెలుగు? ఆ మాటకొస్తే, నేర్పింది నేనా? సలహా ఇక్కడ ఆగిపోయింది.

ఆ కారు ప్రశ్నకి ఆ రోజు "సారీ" అన్నాను. ఇకమీదట దాచనని కూడా అన్నాను. పోయిన నెల ఓ పుట్టినరోజు పార్టీలో ఒకావిడ మెచ్చుకుంటూ, "మీ వాడికి ఇది ఎక్కడిదండీ?" అంది. మావాడు పక్కనే ఉన్నాడు. "వాళ్ళ తాత చెక్క పని చేయించేవారు" అన్నాను. చేసేవారు అనబోయాను. మధ్యలో ఆ కొంచెం దానంతటదే దూరింది. మావాడు తలూపాడు. ఆ తేడా పట్టుకునేంత తెలుగు వాడికి నేను నేర్పలేదు. పట్టుకుని ఊరుకున్నాడా అంటే, అదీ చెప్పలేను.

కొత్త కర్ర ఇప్పుడు 14 అంగుళాల దగ్గరుంది. ఆదివారం పొద్దున ఫోన్‌లో మా నాయన ఉంటాడు. మావాడు గీకుతాడు, తాడు లాగుతాడు, వెనక్కి వచ్చి చూస్తాడు. ఆయన "కింద కొమ్మ బిగిసింది" అంటే, వాడు కింద కొమ్మని రెండు మూడుసార్లు గీకుతాడు. అనువాదం అక్కర్లేకుండా పోయింది. నా పని ఫోన్ పట్టుకోవడం.

"కొంచెం కిందికి నాన్నా, తాతకి కనబడట్లేదు."

కిందికి పట్టుకున్నాను. చెయ్యి లాగుతోంది, స్టాండు కొంటానంటే వద్దన్నాడు.