కుండపెంకు మీద పేరు

చిన్నప్పుడు మా లంకలో తొక్కుడుబిళ్ళ ఆడాలంటే పగిలిన కుండపెంకుని అరుగు మీద అరగదీసి గుండ్రంగా చేసుకునేవాళ్ళం. అలాంటి పెంకుల మీదే పేరు గీకి, పాతకాలపు గ్రీసులోని ఏథెన్స్ జనం తమ నాయకుడు థెమిస్టోక్లీస్‌ని పదేళ్ళ పాటు ఊరు వదిలి పొమ్మన్నారని చదివాక రెండు రోజులు నా మనసు మనసులో లేదు. ఆ ఊరు మిగిలిందే ఆయన వల్ల కదా!

క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్ వాళ్ళ లారియం గనుల్లో వెండి బాగా దొరికింది. తలా 10 ద్రాక్మాలు (వాళ్ళ వెండి నాణేలు) పంచుకుందాం అన్నారు. పంచొద్దు, ఓడలు కడదాం అన్నాడు ఈయన. చేతికందబోయే డబ్బుని జనం చేత వద్దనిపించడం ఎంత కష్టమో ఊరి మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు. ఒక్కో ఓడకి 170 మంది తెడ్లు వేసేవాళ్ళు, ఎక్కువమంది పేదవాళ్ళే.

క్రీ.పూ. 480లో దండెత్తి వచ్చిన పర్షియాని గ్రీకులు ఓడించిన సలామిస్ సముద్ర యుద్ధం నాకు సఖినేటిపల్లి రేవులో అర్థమైంది. నర్సాపురం వెళ్ళే పంటు కోసం నిలబడి ఉంటే, పది వేట పడవలు ఒకేసారి ఒడ్డు పట్టబోయి, ముందున్నది తిరగలేక, వెనకది ఆగలేక, చెక్కకి చెక్క రాసుకుపోతుంటే ఒకాయన గడ అడ్డం పెట్టి ‘ఆగండెహే’ అని అరుస్తున్నాడు. పది పడవలకే అంత గందరగోళం. థెమిస్టోక్లీస్ తన పిల్లల్ని చూసుకునే సికిన్నస్‌ని శత్రువుల దగ్గరికి పంపి, గ్రీకులు పారిపోబోతున్నారని చెప్పించాడు. అది నమ్మి వందల పర్షియా ఓడలు ఆ ఇరుకు జలసంధిలోకి వచ్చి పడ్డాయి. పొద్దుటి గాలి లేచి అలలు వచ్చేదాకా ఆయన ఆగాడని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. మా వైపు పడవవాళ్ళు పోటు కోసం ఆగినట్టే.

పదేళ్ళు తిరగకుండానే పెంకుల ఓటు పడింది. ఆ తర్వాత పర్షియాతో కుమ్మక్కయ్యాడని నేరం కూడా మోపారు. ఎక్కడా నిలవనీయకపోతే చివరికి ఆ పర్షియా రాజు దగ్గరికే వెళ్ళాడు. సలామిస్‌లో తను ఓడించిన రాజు జెర్‌క్సెస్‌కి కొడుకైన అర్తజెర్‌క్సెస్, ఈయనకి రొట్టె కోసం మగ్నీషియా, ద్రాక్షసారా కోసం లాంప్సకస్, నంజుకోవడానికి మ్యూస్ అని మూడు ఊళ్ళ రాబడి ఇచ్చాడు. సొంత ఊళ్ళో మాత్రం చోటు లేదు.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ పక్క ఓ పాత బావిలో ఆయన పేరున్న పెంకులు 190 దొరికాయి. ఎక్కువభాగం పగిలిన తాగుడు గిన్నెల అడుగులు. రాసిన చేతులు మాత్రం 14 దాకానే. అంటే ఎవరో కూర్చుని, ఓటేసేవాళ్ళకి పంచడానికి ముందే గీకి పెట్టారన్నమాట: థెమిస్టోక్లీస్, నియోక్లీస్ కొడుకు.