అడ్వాన్స్ కడితేనే చూస్తామన్నారు

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం చంద్రగిరి నుంచి తిరుపతికి వస్తున్నాను. నా ముందు పోతున్న బైకును ఒక కారు గుద్దేసి, ఆగకుండా వెళ్లిపోయింది. బైకుకు పాల క్యాన్లు కట్టుకున్న నలభై ఏళ్ల మనిషి. తొడ చీరుకుపోయి రక్తం కారిపోతోంది. నా తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమిపెట్టాను. 108 వచ్చేదాకా ఆగుదామంటే తువ్వాలు అప్పుడే తడిసి ముద్దయింది. ఒక ఆటో అన్న ఆపి ఎక్కించుకున్నాడు.

దారిలో కనిపించిన ప్రైవేటు ఆసుపత్రికే తీసుకెళ్లాం. కౌంటర్లో అమ్మాయి, "ఎంఎల్‌సీ కేసు సార్, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసు. రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఇక్కడైతే 20 వేలు అడ్వాన్స్ కట్టాలి" అంది.

రెండేళ్ల కిందట మా బాబాయిని తీసుకెళ్లినప్పుడూ ఇదే మాట విన్నాం. ఏం అడగాలో తెలీక వెనక్కి తిరిగాం. ఆయన పోయాకే ఇవన్నీ చదివాను. పోలీసు ఫార్మాలిటీల కోసం చూడకుండా గాయపడినవాళ్లకు డాక్టరు వెంటనే వైద్యం చేయాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్లోనే ఉంది. ఆ బాధ్యత ప్రభుత్వ డాక్టరుకే కాదు, ప్రైవేటు డాక్టరుకూ ఉందని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

"డ్యూటీ డాక్టర్ని పిలవమ్మా. చూడం అంటే ఆ మాటే కాగితం మీద రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టివ్వండి" అన్నాను. గొంతు వణికింది కానీ అక్కణ్నుంచి కదల్లేదు.

రెండు నిమిషాల్లో డాక్టరు వచ్చాడు. గాయానికి గట్టిగా కట్టు కట్టి, సెలైన్ పెట్టి, బీపీ నిలబడ్డాక 108ని పిలిపించాడు. ఏమేం చేశారో రాసిన కాగితం ఇచ్చి మరీ రుయాకి పంపాడు. ఇంతే కదా మా బాబాయికి కావాల్సింది!

ఆటో అన్నకు మాత్రం కేసులో ఇరుక్కుంటామేమోనని టెన్షన్. కాపాడినవాళ్ల మీద కేసు పెట్టకూడదని 2019 సవరణలో 134ఎ సెక్షన్ చేర్చారని, పేరు చెప్పడం మన ఇష్టమేనని చెప్పాను. అయినా తన ఫోన్ నంబరు తనే రాయించాడు.

నాలుగో రోజు రుయాకి వెళ్తే ఆ పాలాయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. బాబాయి సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.