అంకె తగ్గితే మత్తేనా? యాక్టోఫోటోమీటర్ తిరకాసులు

ఫార్మకాలజీ ప్రాక్టికల్లో చేసేది మామూలుగా ఇదే. చిట్టెలుకను యాక్టోఫోటోమీటర్లో (కదలికలను కాంతికిరణాలతో లెక్కపెట్టే పెట్టె) 10 నిమిషాలు వదిలి అంకె రాసుకోవడం, మత్తు కలిగించే డయాజెపామ్ ఇచ్చి అరగంటాగి మళ్లీ వదలడం. అంకె తగ్గింది, రికార్డు పూర్తయింది. ప్రాక్టికల్ వరకు సరే, ప్రాజెక్టుకీ ఇదే పట్టుకొస్తే కుదరదు. ఎందుకంటే ఉత్త సెలైన్ ఇచ్చినా రెండోసారి అంకె తగ్గుతుంది. మొదటిసారి కొత్త చోటని మూలమూలా వెతుకుతుంది, రెండోసారికి పెట్టె పాతబడిపోతుంది. ఆ తగ్గుదలనంతా మందు ఖాతాలో వేస్తే ఎలా? మందు లేకుండా ఉత్త ద్రావణమే పడే కంట్రోల్ గుంపు ఉండాల్సిందే.

డోసు 2 మి.గ్రా./కిలో అనుకుందాం. 22 గ్రాముల చిట్టెలుకకు 0.044 మి.గ్రా. 10 గ్రాములకు 0.1 మి.లీ. చొప్పున సూదితో పొట్టలోకి ఎక్కిస్తే 0.22 మి.లీ., అంటే ద్రావణం మి.లీ.కి 0.2 మి.గ్రా. ఉండాలి. మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న ఆంప్యూల్‌ని 25 రెట్లు పలచన చేయాలన్నమాట. ఉత్త సెలైన్ పోస్తే తెల్లగా మసకబారుతుంది, డయాజెపామ్ నీళ్లలో సరిగా కరగదు మరి. కాస్త ట్వీన్ 80 (మందు నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) కలిపి, సిరంజిలోకి లాగే ముందు ప్రతిసారీ కుదపండి. లేదంటే అడుగున పేరుకుని మొదటిదానికి ఒక డోసు, చివరిదానికి ఇంకో డోసు పడుతుంది. ఆంప్యూల్లో ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ కూడా ఉంటాయి. కంట్రోల్‌కీ అవే పాళ్లలో పడాలి.

ఇక యంత్రం సంగతి. అది నడకను చూడదు, కాంతికిరణం ఎన్నిసార్లు తెగిందో లెక్కపెడుతుంది, అంతే. కిరణం పక్కనే కూర్చుని మూతి తుడుచుకుంటున్నా అంకె పెరుగుతూనే ఉంటుంది. ఉత్తేజపరిచే మందైన ఆంఫెటమిన్ డోసు బాగా పెంచితే నడక తగ్గి, ఒకేచోట తల ఊపుతూ వాసన చూస్తూ ఉండిపోతుంది. అంకె ఒక్కటే చూస్తే మత్తెక్కిందనుకుంటాం! పైన ఫోన్ కెమెరా పెడితే ఈ బాధ ఉండదు.

రోటారాడ్ (తిరిగే కడ్డీ మీద ఎలుక ఎంతసేపు నిలుస్తుందో చూసే పరికరం) కూడా జతచేయాలి. నిమిషానికి 20–25 చుట్లు పెట్టి, మందుకు ముందే 3 నిమిషాలు నిలిచేవాటినే ఎంచుకోండి. మందు పడ్డాకా రాడ్ మీద నిలబడుతూ యాక్టోలో మాత్రం తగ్గితే మత్తు అనే మాటకు బలం. రాడ్ మీంచీ జారితే కండరాల పట్టు సడలిందేమో చూడాలి.

మే నెలలో గుంటూరులో కరెంటు పోయి ఏసీ ఆగిందా, ఆ పూట అంకెలు పక్కన పడేయండి. మిర్చి సీజన్లో కిటికీలు మూసే ఉంచండి, ఘాటుకి మనకే తుమ్ములొస్తాయి. ఒక్కో ఎలుక తర్వాత పెట్టెను 70% ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే రెండోదాన్ని దించాలి. పొద్దున కంట్రోలంతా, మధ్యాహ్నం మందంతా అని చేయొద్దు, ఒకటి విడిచి ఒకటి వరస మార్చండి. ఏ ఎలుకకు ఏది పడిందో అంకె రాసేవాళ్లకు తెలియకపోతే మరీ మంచిది.