ఆ ఫ్లవర్ వాజ్ రెండుసార్లు వస్తుంది

ఫిల్మ్ స్టడీస్ ఎంఏలో డిసర్టేషన్‌కి నేను మొదట ఇచ్చిన టాపిక్ ‘జపాన్ సినిమాలో కుటుంబం’. గైడ్ మేడం చదివి, "ఇది పదిమంది పదేళ్లు చేసే పనమ్మా. ఆరు నెలల్లో నువ్వొక్కదానివి చేయగలిగింది చెప్పు" అన్నారు. మూడు వారాలు తిరిగాక జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు దగ్గర, అందులోనూ కూతురి పెళ్లి దగ్గర ఆగాను. 1949లో ‘లేట్ స్ప్రింగ్’, 1960లో ‘లేట్ ఆటమ్’, 1962లో ‘యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్’. మొదటిదాంట్లో తండ్రిని వదిలి వెళ్లలేని కూతురిగా చేసిన సెత్సుకో హారాయే పదకొండేళ్ల తర్వాత రెండోదాంట్లో కూతురికి పెళ్లి చేయాల్సిన తల్లి. అది గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒకే కథ మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఇది దర్శకుడి థీమ్ అని రాసేశాను. సినిమాకి అసలు కర్త దర్శకుడేనన్న వాదానికి మూలమైన వ్యాసాలు, 1954లో త్రుఫో రాసినది, 1962లో ఆండ్రూ శారిస్ రాసినది చదివి ఉన్నాను కదా, ధైర్యం వచ్చింది. కానీ ఈ మూడూ తీసిన షోచికు స్టూడియో మామూలు మనుషుల ఇంటి కథలకి ముందునుంచీ పేరుపడ్డది. పైగా మూడింటి స్క్రిప్టులోనూ ఓజుతో పాటు రచయిత కోగో నోడా ఉన్నాడు. మరి ఈ థీమ్ దర్శకుడిదా, రచయితదా, జానర్‌దా? కథను పట్టుకుంటే తేలదని, తీసిన పద్ధతిలో వెతకాలని అర్థమవడానికి నెల పట్టింది.

అసలు దెబ్బ ‘లేట్ స్ప్రింగ్’లోని క్యోటో సత్రం సీన్ దగ్గర తగిలింది. తండ్రీకూతుళ్లు పక్కపక్కనే పడుకుని ఉంటారు. కూతురు నోరికో ఏడుస్తుంది, ఫ్లవర్ వాజ్ కనిపిస్తుంది అని జ్ఞాపకం మీద రాశాను. మేడం, "ఎన్ని షాట్లు?" అని అడిగారు. చెప్పలేకపోయాను.

ఆ రాత్రి పాజ్ చేసుకుంటూ చూశాను. నోరికో పైకి చూస్తూ చిన్నగా నవ్వుతుంది. కట్. వాజ్, వెనక కాగితపు తెర మీద ఆకుల నీడలు. కట్. మళ్లీ నోరికో, ఇప్పుడు ముఖంలో నవ్వు లేదు, కళ్లలో నీళ్లు నిండేలా ఉన్నాయి కానీ రాలవు. కట్. మళ్లీ అదే వాజ్. ఇంత సేపూ తండ్రి గురక. నేను రాసినదాంట్లో రెండు తప్పులు!

ఈ వాజ్‌కి అర్థమేంటన్న దాని మీదే సినీ విమర్శకుడు పాల్ ష్రేడర్ 1972లో ఒకటి చెప్పాడు, సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ 1988లో దాన్ని ఒప్పుకోలేదు. అంతకుముందు ఆ వాదన నాకు మాటల పోట్లాటలా ఉండేది. షాట్లు లెక్కపెట్టాక ఇద్దరినీ మళ్లీ చదివితే ప్రతి వాక్యం తెర మీద కనిపించింది.

ఆ తర్వాత మూడు సినిమాలకీ నోట్‌బుక్‌లో గళ్లు గీసుకున్నాను: షాట్ నంబరు, సెకన్లు, ఎవరున్నారు, కెమెరా ఎత్తు, శబ్దం. రెండు నెలలు పట్టింది. చాప్టర్లు రాయడం దానికంటే తేలికే.

వైవాలో ఎగ్జామినర్, "ఇంతకీ ఆ వాజ్‌కి అర్థమేంటమ్మా?" అన్నారు. అర్థం ఇదీ అని చెప్పలేను సార్, ఆమె ముఖం మారేది మాత్రం మనం వాజ్‌ని చూస్తున్నప్పుడే, ఆ మార్పుని ఓజు మనకి చూపించలేదు అన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఆ సీన్ ఒకసారి వెయ్యి" అన్నారు.