హోమా, ప్రోనా?

శనివారం రోజు తిరుపతిలో పని పెట్టుకోకూడదు. అయినా కొత్త కంప్యూటర్ సంగతి చూస్తానని నాన్నకు మాటిచ్చాను కాబట్టి బండి తీశాను. బస్టాండు దగ్గర కొండకు పోయే జనం, అక్కడి నుంచి అన్నీ ఆటోలే. గాంధీ రోడ్డు చేరేసరికి చొక్కా తడిసిపోయింది.

ఇంట్లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్. బాగానే నడుస్తోంది కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలంటుంది. నాన్న పెన్షన్, బ్యాంకు పనులన్నీ అందులోనే. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మిషన్‌లో అవి చేయడం నాకు ఇష్టం లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలనే తేల్చుకున్నాం.

ల్యాప్‌టాప్ ఏదో తేలడానికి పెద్దగా సేపు పట్టలేదు. అసలు పంచాయితీ విండోస్ దగ్గర మొదలైంది. పెట్టె మీద ‘విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అని ఉంది. హోమ్ అంటే ఇళ్లలో వాడుకునే రకం, ప్రో అంటే ఆఫీసు పనులకు ఇంకొన్ని సౌకర్యాలు కలిపిన రకం. కొట్టులో కుర్రాడు, "ప్రో వేసుకోండి సార్, స్పీడుంటాది. కొన్ని వందలు ఇస్తే కీ నేనే వేసిస్తా" అన్నాడు.

స్పీడు మాట ఒట్టిదే. అదే మిషన్‌లో హోమ్ అయినా ప్రో అయినా ఒకే వేగం. హోమ్ 128 జీబీ ర్యామ్ దాకా పట్టుకుంటుంది, ప్రో 2 టీబీ దాకా. మేం కొన్నది 16 జీబీది! ఇక విండోస్‌ను యాక్టివేట్ చేయడానికి కొన్ని వందలకు వచ్చే ఆ కీలంటారా, కంపెనీలకు మొత్తంగా ఇచ్చిన లైసెన్సుల నుంచి విడిగా జారి వచ్చేవే వాటిలో చాలా ఉంటాయి. ఈరోజు యాక్టివేట్ అవుతుంది, రేపటి సంగతి ఎవరూ చెప్పలేరు. వద్దులే అబ్బాయ్ అన్నాను. వాడు ఏమీ నొచ్చుకోలేదు, బ్యాగూ మౌసూ చూపించడంలో పడ్డాడు.

ఈలోగా బెంగళూరు నుంచి తమ్ముడి ఫోన్. "అన్నా, ప్రో తీసుకో. రిమోట్ డెస్క్‌టాప్ ఉంటే నాన్నకు ఏ ఇబ్బంది వచ్చినా ఇక్కడి నుంచే చూస్తా" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. హోమ్ ఉన్న మిషన్ నుంచి వేరేదానిలోకి పోవచ్చు గానీ, బయటివాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి రావాలంటే ప్రో ఉండాల్సిందే. కానీ బెంగళూరు నుంచి మా రౌటర్ దాటి లోపలికి రావాలంటే వీపీఎన్ (మనవాళ్లకే ఉండే రహస్య దారి లాంటిది) అయినా పెట్టాలి, లేకపోతే రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్టును, అంటే లోపలికి వచ్చే దారిని, ఇంటర్నెట్ మొత్తానికీ తెరిచి పెట్టాలి. రెండోది చేస్తే దొంగలకు మనమే తలుపు తీసినట్టు. దూరం నుంచి సాయం చేయడానికి క్విక్ అసిస్ట్ అనే యాప్ హోమ్‌లో కూడా ఉంటుంది. వాడు అక్కడ కోడ్ తీస్తాడు, నాన్న ఇక్కడ ఆ కోడ్ కొట్టి సరే అంటారు, అంతే. నాన్న ఎదురుగా కూర్చుని ఉండాలన్నది ఒక్కటే షరతు. ఆయన ఎలాగూ లేవరు.

హైపర్-వి, డొమైన్ జాయిన్, గ్రూప్ పాలసీ... ప్రోలో ఉండే ఇవన్నీ ఆఫీసుల్లో ఐటీ వాళ్లకు పనికొచ్చేవి, మా ఇంటి మాటలు కావు. "ఆ పనులు మనింట్లో ఎవరు చేస్తారో ముందు చెప్పండి" అని మా ఆవిడ ఫోన్‌లోనే తేల్చేసింది.

నేను నిజంగా ఆగి ఆలోచించింది ‘సింగిల్ లాంగ్వేజ్’ దగ్గర. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది ఈ రకమే, అయినా దీని గురించి ఎవరూ మాట్లాడరు. మెనూలు, సెట్టింగులు ఒక్క భాషలోనే ఉంటాయి, ఇంకో భాషకు మార్చుకోనివ్వదు. మామూలు హోమ్‌లోనూ ప్రోలోనూ ఆ అడ్డు లేదు. నాన్నకు తెలుగు కావాలి కదా అని ఫోన్ చేసి అడిగాను. "ఒరే, నేను ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఇంగ్లీషు ఫారాలతోనే కదరా బతికింది. మెనూ ఏ భాషలో ఉంటే ఏం, నా వ్యాసాలు తెలుగులో టైపు చేసుకోవాలి, అంతే" అన్నారు. అది ఏ రకంలోనైనా అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ కలుపుకోవచ్చు, తెలుగు చూపించే నిర్మల ఫాంట్ అందులోనే ఉంటుంది. ఆయన పాత ఫైళ్లలో వాడిన గౌతమి ఫాంట్ కావాలంటే ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు ఫాంట్లు దింపుకోవాలి. సాయంత్రం ఆ పని కూడా చేసేశాను.

ప్రో లేకపోతే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రాదు కదా అన్న టెన్షన్ మాత్రం కాసేపు ఉండింది. పూర్తి బిట్‌లాకర్ రాదు, నిజమే. కానీ ఇలాంటి కొత్త మిషన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని హోమ్‌లోనూ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలాసార్లు చెప్పకుండానే ఆన్ అవుతుంది. ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోయినా డిస్క్ చదవలేరు. చెప్పకుండా ఆన్ అవడమే ఇందులో చిక్కు. ఏ మదర్‌బోర్డు రిపేరుకో ఇచ్చాక ఆ తాళం తీసే రికవరీ కీ అడిగితే, అది ఏ అకౌంట్‌లో ఉందో తెలియక జనం డేటా పోగొట్టుకుంటారు. అందుకే నాన్న పేరు మీదే అకౌంట్ తెరిచి, ఆ 48 అంకెల కీని ప్రింట్ తీసి ఇంటి పన్ను రసీదుల ఫైల్లో పెట్టాను. కొట్టులో ఎవరో ఒకరి అకౌంట్‌తో సెటప్ చేసిచ్చే అలవాటు కూడా ఉంది, దానికి అస్సలు ఒప్పుకోకూడదు.

రాత్రి తమ్ముడు క్విక్ అసిస్ట్‌తో లోపలికి వచ్చాడు. అనవసరమైన యాప్‌లు తీసేసి, ప్రింటర్ కలిపి, పనిలో పనిగా వాల్‌పేపర్‌కు వాళ్ల పాప ఫొటో పెట్టాడు. ప్రోనే తీసుకోవాల్సింది అని ఇంకా అంటూనే ఉన్నాడు. నాన్న మాత్రం ఆ ఫొటో మీద ఐకాన్లు పడకుండా ఒక్కొక్కటే పక్కకు లాగుతూ, "రేపు కూడా ఇదే టైముకి రారా" అన్నారు.